పెద్దాయన చెప్పిన సవరణలు

చెరకు తోట చివర ఒక పాత మోటబావి. బావి మీదికి వంగి ఒక తుమ్మచెట్టు. వానలు మొదలైన పదిరోజులకల్లా ఆ తుమ్మకి ముప్పై నలభై గిజిగాళ్ల గూళ్లు వేలాడతాయి. కింద నీళ్లు, చుట్టూ ముళ్లు, మధ్యలో గాలికి ఊగే కాపురాలు. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుంది. ఊగేవాళ్లకి కడుపులో తిప్పుతుంది.

ఆ ఊగేవాళ్లలో పీచయ్య ఒకడు. పసుపు తల, నల్లటి మొహం, పిడికెడు ఒళ్లు. పనిమంతుడే. కానీ ఎదుటివాడు వెక్కిరించేలోపు తనని తనే వెక్కిరించుకోవడం వాడికి అలవాటు.

"నా గూడా? తలనొప్పి వచ్చిన చీపురుకట్టకి తలగుడ్డ చుట్టినట్టుంటుందిలే" అనేవాడు అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ.

ఈ కథ చెప్పేవాడికి చొక్కాకి గుండీ కుట్టుకోవడమే రాదు గనక పీచయ్య గూడు ఎలాంటిదో తేల్చే అర్హత లేదు. గిజిగాళ్లలో అది తేల్చేది ఆడపిట్టలు. మగపిట్ట గూడు సగం కట్టి ఆపాలి. ఆడపిట్ట వచ్చి లోపల దూరి, అక్కడో పోగు ఇక్కడో పోగు పీకి, ఓసారి ఊగి చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది. నచ్చకపోతే తుర్రుమంటుంది. ఎందుకు నచ్చలేదని అడగడానికి లేదు. సగం గూడు సగంగానే ఎండిపోతుంది. కిందటేడు పీచయ్యవి మూడు, అంతకుముందేడు నాలుగు అలాగే ఎండాయి.

ఈ ఏడు మొదటి గూటికే నూకాలు వచ్చింది. పదకొండు చోట్ల పీకి చూసింది.

"గూడు వేలాడే తాడు సన్నం. అయినా గట్టిది. గుమ్మం ఇరుకు. ఇరుకైతేనే మంచిది" అంది. ఉండిపోయింది.

పీచయ్య ఆ సంతోషంలో మూరెడు గొట్టం అల్లి గూటికి తగిలించాడు. ఆ గొట్టంలోంచి పైకి పాక్కుంటూ పోవాలి. పిట్టైతే దూరుతుంది. పిట్టని తినేది ఏదీ పట్టదు.

సంతోషం మూడు రోజులుంది. నాలుగో రోజున ఎప్పటి భయమే వచ్చి పక్కన కూర్చుంది. వానాకాలం నాలుగు నెలలు. ఆ తర్వాత గూడు కావాలనేవాళ్లుండరు. కోతలు అయిపోతే పొలంలో గింజ ఉండదు. కిందటేడు మాఘంలో పీచయ్య గడ్డి వేళ్లు కూడా కొరికాడు.

"ఈసారి పిల్లలు కూడా ఉంటారు. మిగతా ఎనిమిది నెలలు ఏం తింటాం?" అన్నాడు నూకాలుతో.

"గుడ్లు పెట్టనీ ముందు" అంది నూకాలు. కానీ ఆ మాట దాని గుండెలోనూ పడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే భూపతిగారు దిగారు.

భూపతిగారంటే జెముడుకాకి. నల్లటి ఒళ్లు మీద రాగిరంగు రెక్కలు, కోటు వేసుకున్న అధికారిలా ఉంటారు. ఎర్రటి కళ్లు. గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. "ఊప్... ఊప్..." అని ఆయన గొంతు సవరించుకుంటే తుమ్మ మీద కబుర్లన్నీ ఆగిపోతాయి.

ఆయన బావిగట్టు మీద నిలబడి తల పైకెత్తారు. "చూడు పీచయ్యా. ఏటి అవతల తోటలో పెద్దాయన ఉన్నారు. పేరు అడగకు. ఆయనకి ఆస్థానంలో గూళ్లు కట్టేవాడు కావాలి. ఏడాది పొడుగునా గింజలు. వానైనా, ఎండైనా."

పీచయ్యకి ముక్కులోని పోగు జారిపోయింది. "నేనాండీ? నా గూడు చూస్తే పెద్దాయన నవ్విపోతారండీ."

"నవ్వనీ. మచ్చుకి ఒకటి చూపించు."

"రేపటికల్లా కొత్తది మొదలుపెడతానండీ."

"ఖాళీ గూడు ఎవడైనా కడతాడు. కాపురం ఉన్న గూడైతేనే పనితనం తెలుస్తుంది. ఇదే మచ్చు. ఏమ్మా నూకాలూ, గుడ్లు పెట్టావా?"

నూకాలు గొట్టంలోంచి తల బయటపెట్టింది. "గుడ్లతో పనేమిటండీ పెద్దాయనకి?"

"నిండుగూడు చూడాలని ఆయన కోరిక" అన్నారు భూపతిగారు. "గొప్పవాళ్ల కోరికలు మనకి అర్థం కావు తల్లీ. అందుకే వాళ్లు గొప్పవాళ్లు."

మర్నాడు మొదటి సవరణ వచ్చింది. తాడు సన్నంగా ఉందట, చూస్తే పెద్దాయనకి కళ్లు తిరుగుతాయట. లావుగా పేనాలి. పక్కనున్న లావు కొమ్మకి ఇంకో కట్టు వెయ్యాలి. ఆ కొమ్మ మీద ముళ్లు పీకెయ్యాలి.

"ముళ్లు ఎందుకండీ పీకడం?"

"కూర్చుని చూడడానికి చోటు ఉండొద్దూ? పెద్దాయన్ని ముళ్ల మీద కూర్చోబెడతావా?"

పీచయ్య రెండు రోజులు తాడు పేనాడు. ముళ్లు కొరికి కొరికి ముక్కు మొద్దుబారింది. అది పూర్తయిన రోజున నూకాలు మొదటి గుడ్డు పెట్టింది.

"ముళ్లు మనకి కాపలా కదయ్యా" అంది.

"ఒక్క కొమ్మేగా. ఏడాది గింజలే, నూకాలూ."

నూకాలు గుడ్డు మీద సర్దుకుని కూర్చుంది. దానికీ మాఘమాసం గుర్తొచ్చింది.

రెండో సవరణ గొట్టం మీదికి వచ్చింది. భూపతిగారు ముళ్లు లేని కొమ్మ మీద హాయిగా కూర్చుని గొట్టాన్ని ముక్కుతో ఒక్క తోపు తోశారు.

"ఏమిటయ్యా ఈ మూరెడు తోక? ఇప్పుడెవరు కడుతున్నారు గొట్టాలు? తీసెయ్. జానెడులో సగం చాలు."

"అది లేకపోతే..." అని నీళ్లు నమిలాడు పీచయ్య.

"ఊఁ, లేకపోతే?"

"ఏం లేదండీ."

"ఇష్టం లేకపోతే చెప్పెయ్. బలవంతం లేదు. రేగుచెట్టు మీద దూదయ్య ఇంకో మచ్చు కడతానని కాళ్లావేళ్లా పడుతున్నాడు."

ఆ మాటతో పీచయ్య గొట్టం మొదట్లో ముక్కు పెట్టాడు. దూదయ్య వాడికి పెదనాన్న కొడుకు, తనకంటే మంచి పనివాడు. ఆ సాయంత్రానికి గొట్టం ముప్పాతిక వంతు తెగి బావిలో పడింది. నీళ్ల మీద తేలుతున్న తన అల్లికని చూసి పీచయ్య, "ఎప్పుడూ అనుకునేవాణ్ణి, నా పని నీళ్లపాలవుతుందని" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నూకాలు రెండో గుడ్డు కూడా పెట్టి, రెండింటి మీదా కూర్చుని గుమ్మం వైపే చూస్తోంది. ఇదివరకు అక్కడ చీకటి కనిపించేది. ఇప్పుడు బావి కనిపిస్తోంది.

మర్నాడు చెరకు తోటలో పోగులు చీల్చుకుంటుంటే దూదయ్య కనిపించాడు. బాగా చిక్కిపోయాడు. పసుపు తల మాసిపోయింది.

"దూదన్నా! ఇంకో మచ్చు కడతానన్నావట, కొలువు ఇంకా కాలేదా?"

"అవుతుంది" అన్నాడు దూదయ్య. "మొదటి మచ్చు కొంచెం తేడా చేసింది."

"ఏం తేడా?"

దూదయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అన్నీ ఆయన చెప్పినట్టే కట్టాను. తాడు లావు చేశాను. గొట్టం తీసేశాను. పెద్దాయన వస్తున్నారు, పనివాళ్లు ఎదురుపడితే ఆయనకి చిరాకు, ఓ పూట ఎటైనా పోయి రండి అన్నారు భూపతిగారు. పోయాం. తిరిగొచ్చేసరికి నాలుగు గుడ్లూ లేవు."

"అయ్యో! ఏమయ్యాయి?"

"పాము వచ్చిందట. పెద్దాయన వచ్చి వెళ్లాక వచ్చిందట. మన రాత. మీ వదిన పుట్టింటి తుమ్మకి పోయింది. మళ్లీ రాలేదు."

"పెద్దాయన్ని నువ్వు చూశావా?"

"ఎలా చూస్తాను? చూడకూడదుగా." దూదయ్య చుట్టూ మరోసారి చూశాడు. "ఒరేయ్, ఇదంతా ఎవరితోనూ అనకు. కొలువు పోతుంది."

"రాని కొలువు ఎలా పోతుంది అన్నా?"

దూదయ్య చీలుస్తున్న పోగు వదిలేశాడు. "అదే నా భయం కూడా" అన్నాడు.

పీచయ్య తిరిగి వచ్చేసరికి భూపతిగారు కొమ్మ మీదే ఉన్నారు. ఆ పూటే నూకాలు మూడో గుడ్డు పెట్టిందని ఆయనకి ఎలా తెలిసిందో తెలిసింది.

"ఇదే ఆఖరి సవరణ పీచయ్యా. గుమ్మం. మరీ ఇరుకు. పెద్దాయన లోపలి పనితనం ఎలా చూస్తారు? వెడల్పు చెయ్యి."

"ఎంత వెడల్పండీ?"

"ఎంతంటే..." భూపతిగారు కొమ్మ మీంచి వంగి గుమ్మంలో తలపెట్టబోయారు. పట్టలేదు. వెనక్కి తీసి, పక్కన గాలిలోనే మెడ సాచి చూపించారు. "ఇదిగో, ఇంత. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా రావాలి లోపలికి. సరిగ్గా చూసుకో, మళ్లీ మళ్లీ చెప్పించకు."

పీచయ్య చూసుకున్నాడు. పనివాడి కన్ను. వేలెడు లావు, జానెడు పొడవు, వెంట్రుకవాసి తేడా లేకుండా మనసులో పడింది.

"రేపు పొద్దెక్కగానే పెద్దాయన వస్తున్నారు. మీరిద్దరూ ఓ పూట ఎటైనా పోయి రండి. పనివాళ్లు ఎదురుపడితే..."

"ఆయనకి చిరాకండీ" అన్నాడు పీచయ్య.

"తెలివైనవాడివి" అని భూపతిగారు బరువుగా రెక్కలు కొట్టుకుంటూ పొదల్లోకి పోయారు.

పీచయ్య గుమ్మం దగ్గర పనికి వేలాడాడు. గిజిగాడు గూడు కట్టేది తన ఒంటి కొలతతోనే. అల్లిన చక్రంలో నిలబడి, ముక్కు ఎంతవరకు అందితే అంతవరకే అల్లుతాడు. గూడు ఎంతుందో చూసి దాంట్లో ఉండేవాడి ఒళ్లు చెప్పేయొచ్చు. ఇప్పుడు గుమ్మం విప్పి కొత్త చక్రం వేసి దాంట్లో నిలబడితే పీచయ్య ముక్కు అటూ అందలేదు, ఇటూ అందలేదు. వాడి ఒళ్లు కాదిది. నూకాలు ఒళ్లూ కాదు. ఏటి అవతల పెద్దాయనదా? ఆయన్ని ఎవరూ చూడలేదు. మరి ఎవరి ఒంటికి సరిపోతోందీ గుమ్మం?

గాలిలో సాచిన ఒక నల్లటి మెడ కళ్లముందు నిలబడింది.

పీచయ్య కాళ్లు పట్టు తప్పాయి. బావి నీళ్లదాకా జారి, ఆఖరి క్షణంలో రెక్కలు గుర్తొచ్చి పైకి లేచాడు.

"నూకాలూ" అన్నాడు. "నూకాలూ, పెద్దాయనంటూ ఎవడూ లేడే."

నూకాలు గుడ్ల మీంచి లేవకుండానే అంతా విన్నది. విని, "నన్ను నేను తిట్టుకోవాలి ముందు" అంది. "ముళ్లు పీకిన రోజునే నాకు ఒళ్లు జలదరించింది. గింజల ఆశ నోరు కట్టేసింది."

"గొట్టం మళ్లీ అల్లేస్తాను."

"ఎన్ని రోజులు?"

"మూడు."

"మనకున్నది ఒక్క పూట. అదీగాక, ఆ పొదల్లోంచి చూస్తూనే ఉంటాడు. గొట్టం మొలవడం చూశాడంటే రేపటిదాకా ఆగుతాడా?"

పీచయ్య పక్క గూళ్లవాళ్ల దగ్గరికి పోయాడు. అందరూ విన్నారు. అందరూ పొదల వైపు చూశారు. "మాకేం చెప్పకు బాబూ" అన్నాడు ఒకడు. వాడి గొట్టం కూడా సగమే ఉంది. పీచయ్య చెట్టంతా కలయజూశాడు. అప్పటికే తొమ్మిది గూళ్లకి గొట్టాలు పొట్టిగా ఉన్నాయి. ఎవరికి వాళ్లు, ఆస్థానం కొలువు తనొక్కడికే అనుకుని, పక్కవాడికి చెప్పకుండా దిద్దుకున్నారు.

పీచయ్య తిరిగొచ్చి గుమ్మంలో వేలాడుతూ కూర్చున్నాడు. ముక్కులో చెరకాకు పోగు ఉంది. భయంలో దాన్ని ఊరికే నాలుక మీద అటూ ఇటూ లాగుతున్నాడు. ఒకవైపు నున్నగా జారింది. రెండోవైపు చురుక్కున కోసింది.

చెరకాకు అంచుకి రంపం పళ్లుంటాయి. మొదలు నుంచి కొసకి రాస్తే ఏమీ తెలియదు. కొస నుంచి మొదలుకి రాస్తే నెత్తురొస్తుంది. అందుకే గిజిగాళ్లు అంచుని లోపలికి మడిచి అల్లుతారు. గూటిలో ఉండేవాళ్లకి గీరుకోకూడదని. పిట్టపిల్లకి నేర్పే మొదటి పాఠం అది.

"నూకాలూ" అన్నాడు పీచయ్య, "నా బతుకంతటిలో చెత్తపని ఒకటి చెయ్యబోతున్నాను. నవ్వకు."

ఆ మధ్యాహ్నమంతా వాడు గుమ్మం లోపలివైపు ఇంకో పొర అల్లాడు. మొదళ్లు గుమ్మం వైపు, కొసలు లోపలివైపు, రంపపు అంచులన్నీ పైకి తేలేటట్టు. వరస మీద వరస. లోపలికి పోతే పట్టులా ఉంటుంది. వెనక్కి వస్తే ప్రతి ఈకా చిక్కుకుంటుంది. తర్వాత బావిగట్టు నుంచి తడిమట్టి తెచ్చి, గుడ్లు దొర్లి గుమ్మంలో పడకుండా అడ్డంగా అల్లిన గట్టుని ఎత్తు చేశాడు. ఎంత ఎత్తో లెక్క కట్టుకోనక్కర్లేదు. మెడ పొడవు భూపతిగారే చూపించి వెళ్లారు. దానికి ఒక జొన్నగింజంత మించి కట్టాడు. అంతకంటే ఎత్తు చేస్తే గుడ్లకి చోటు చాలదు.

బయటి నుంచి చూస్తే ఏ తేడా లేదు. చెప్పిన సవరణలన్నీ చేసిన బుద్ధిమంతుడి గూడు.

తెల్లవారింది. "నువ్వు అవతలి కొమ్మకి రా" అన్నాడు పీచయ్య.

"గుడ్లు చల్లారితే వాడు తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే" అంది నూకాలు. "నేను కదలను. నీ కొలత సరైందేనా?"

పీచయ్యకి ఎప్పుడూ నోట్లో సిద్ధంగా ఉండే వెక్కిరింపు ఆ క్షణాన రాలేదు. "సరైందే" అన్నాడు. అలా అనడం జీవితంలో మొదటిసారి. వెంటనే భయమేసింది, సరైంది కాకపోతే?

పీచయ్య ముళ్లలో నక్కి చూస్తున్నాడు. పొద్దు చెరకు కొసలు దాటింది. "ఊప్... ఊప్..." అని పొదలోంచి వినిపించింది. పెద్దాయన రాలేదు. భూపతిగారొక్కరే వచ్చారు. ముళ్లు లేని కొమ్మ మీద నిదానంగా నడిచారు. అటు చూశారు, ఇటు చూశారు. కొమ్మ గట్టిగానే ఉంది. తాడు గట్టిగానే ఉంది. వంగి గుమ్మంలో తలపెట్టారు.

తల పోయింది. మెడ పోయింది. భుజాల దగ్గర ఆగింది.

గూటిలోంచి నూకాలు కేక వినిపించింది. ఒక్కటే కేక. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పీచయ్యకి లోకమంతా ఆ గుమ్మమంత అయిపోయింది. జొన్నగింజంత. జొన్నగింజంత. ఎందుకు రెండు గింజలంత కట్టలేదు?

"పీచయ్యా!" నూకాలు గొంతు. "కొలత సరైందే!"

భూపతిగారు ఇంకా ముందుకి తోశారు. ముక్కు గట్టుకి తగిలి మట్టి రాలింది. గుడ్లు అందలేదు. సరే, వెనక్కి తీసి చూద్దామని మెడ లాగారు.

మెడ రాలేదు.

మళ్లీ లాగారు. ఒళ్లంతా ఊపి లాగారు. తుమ్మచెట్టు ఊగింది. తాడు సన్నగా ఉండుంటే తెగి ఆయన గూటితో సహా బావిలో పడేవారే. కానీ తాడు లావుగా ఉండాలన్నది ఆయనే. రెండో కట్టు వేయించిందీ ఆయనే. గూటిలోంచి రాగికోటూ, పొడుగాటి నల్ల తోకా బావి మీద వేలాడుతూ తన్నుకుంటున్నాయి.

చెట్టు మీద పిట్టలన్నీ చేరాయి. అలవాటుగా భయపడుతూనే చూస్తున్నారు.

లోపల్నుంచి గొంతు మూసుకుపోయి వినిపించింది. "పీచయ్యా... పీచయ్యా... గుమ్మం కొంచెం బిగిసింది. చిన్న సవరణ చెయ్యాలి."

పీచయ్య ముళ్లలోంచి బయటికి వచ్చాడు. "తప్పకుండా చేస్తానండీ. పెద్దాయన చెప్పాలి గదండీ."

"నేనే చెప్తున్నాను!"

"మీరు చెప్తే ఎలా చేస్తానండీ? ఇన్నాళ్లూ సవరణలన్నీ ఆయనవే గదండీ. వచ్చాక అడిగి చేస్తాను. మీరు ఉండండి."

ఎక్కడో ఒక ఆడపిట్ట పకపకా నవ్వింది. దాంతో చెట్టు చెట్టంతా నవ్వింది. నూకాలు కేక విని రేగుచెట్టు నుంచి వచ్చి కొమ్మ చివర వాలిన దూదయ్య మాత్రం నవ్వలేదు. ఆ గుమ్మం వైపూ, ఆ మెడ లావు వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. చూస్తుంటే వాడికి పాము కథ అర్థమైంది. ఎగిరి వెళ్లి భూపతిగారి తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

మెడ బయటికి వచ్చింది. ఈకలు రాలేదు. అవి గుమ్మంలోనే ఉండిపోయాయి. తల నుంచి భుజాలదాకా ఎర్రగా బోడిగా ఉన్న భూపతిగారు ఎవరి మొహమూ చూడకుండా పొదల్లోకి దూరిపోయారు. ఈకలు మళ్లీ మొలిచాయి గానీ, అప్పట్నుంచీ జెముడుకాకి నేలబారున, పొదల చాటునే తిరుగుతుంది. నాలుగు పిట్టలున్న చోటికి కోటు వేసుకుని రాదు.

ఆస్థానం గింజలు ఎలాగూ లేవు. మాఘం మళ్లీ వస్తుంది. ఆ భయం తీర్చే అల్లిక ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కానీ ఆ మధ్యాహ్నం నుంచి తొమ్మిది గూళ్లవాళ్లూ ఒకరి గొట్టం ఒకరు అల్లిపెట్టుకున్నారు. ఎవరికి ఏ సవరణ వచ్చిందో చెట్టంతటికీ వినపడేలా చెప్పుకోవడం మొదలుపెట్టారు. గుమ్మంలో మిగిలిన మెత్తటి నల్ల ఈకలు నూకాలు ఏరి గుడ్ల కింద పరిచింది.

"గూడు ఎలా ఉంది?" అని పీచయ్య అడిగాడు.

"తలనొప్పి వచ్చిన చీపురుకట్టలా ఉంది" అంది నూకాలు. "ఉండిపోతాను."

మనం చేసిన పనిని ఎవరైనా దిద్దమంటే, దిద్దాక ఆ గుమ్మంలో ఎవరి మెడ పడుతుందో ముందు కొలిచి చూసుకోవాలి.